నాలుగోసారి నిమిరిన చెయ్యి

కొండవాగుల నడుమ ఒకానొక చిన్న రాజ్యం ఉండేది. దానికి రాజు గజకేతుడు. రాజ్యం చిన్నదే గాని, ఆయన బిరుదులు చదవడానికి భట్టుకు అరపూట పట్టేది.

ఆ ఊరి వీధిబడిలో అచ్చన్న పంతులుగారు పిల్లల చేత ఇసుకలో అక్షరాలు దిద్దించేవారు. రాజు, మంత్రి, సేనాపతి, అందరూ చిన్నప్పుడు ఆయన దగ్గర కూర్చున్నవాళ్లే. ఈ మధ్య ఆయనకు మరుపు వచ్చింది. ఒకనాడు రాజుగారి ఊరేగింపు బడి ముందు ఆగితే, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఏనుగు మీదికి చూసి, "ఎవరు నాయనా నువ్వు?" అని అడిగారు.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. రాజుకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు సభలో ఆయన, "నన్నే మరచినవాడు పిల్లలకేం చెబుతాడు? రేపటి నుంచి ఆ పంతులు బడికి రాకూడదు. ఆజ్ఞ రాయండి" అన్నాడు.

పేరన అనే విదూషకుడు లేచాడు. "ప్రభూ, పొద్దున్నే లేచి ఆ ముసలాయన వెళ్లేది అక్కడికొక్కటే. ఆ బడి లేకపోతే బతకలేరు. ఆయన మిమ్మల్ని మరచిపోయారు, నిజమే. మరి మీరు ఆయన్ని మరచిపోయారా?"

"ఏనాడో. ఆయన నేర్పింది నాలో రవ్వంత కూడా లేదు. అక్షరాలు నేర్పాడంటావేమో, అవి ఎవరైనా నేర్పుతారు. ఆ మాట చెల్లదు."

"అక్షరాల ఊసే ఎత్తను. ఆ ఆజ్ఞ మీ చేత్తో మీరే రాయండి. ఆయన నేర్పింది ఇంకేమీ కనబడకపోతే, పంతులుగారి చాప నేనే చుట్టి, ఆయనతోపాటు నేనూ ఊరు దాటిపోతాను."

"అయితే చాప చుట్టడం నేర్చుకో" అని రాజు తాటాకు, గంటం తెప్పించాడు. ఆకును ఒళ్లో పెట్టుకున్నాడు. ఎడమ అరచేత్తో దాన్ని ఒకటి, రెండు, మూడు, నాలుగుసార్లు నిమిరాడు. ఉఫ్ అని ఊదాడు. గంటం ఎత్తాడు.

"ఆగండి ప్రభూ. తాటాకు మీద ఇసుక ఏది?"

రాజు చెయ్యి గాలిలోనే నిలిచిపోయింది.

"ఇసుక చదును చేసి, దుమ్ము ఊది, అప్పుడు రాయమని పంతులుగారు చెప్పేవారు. ముప్పై ఏళ్లయింది. ఇసుక పోయినా మీ చెయ్యి ఇంకా చదును చేస్తూనే ఉంది."

"ఇది నా సొంత అలవాటు" అని రాజు గంటాన్ని మంత్రి చేతిలో పెట్టాడు. "నువ్వు రాయవయ్యా."

మంత్రి ఆకు అందుకుని, శ్రద్ధగా మూడుసార్లు నిమిరి, ఊదాడు. సభంతా గొల్లున నవ్వింది. సేనాపతి ఎవరూ అడక్కముందే చేతులు వెనక్కి దాచుకున్నాడు.

రాజు నవ్వు ఆపుకోవాలని చూశాడు. కుదరలేదు. కిరీటం పక్కకు ఒరిగేదాకా నవ్వి, తన ముత్యాల హారం తీసి పేరన మెడలో వేశాడు. "పద, బడికి పోదాం" అన్నాడు.

పంతులుగారు మళ్లీ అదే అడిగారు. "ఎవరు నాయనా నువ్వు?"

రాజు పేరు చెప్పలేదు, బిరుదులూ చెప్పలేదు. పిల్లల మధ్య చతికిలబడి, ఇసుకను అరచేత్తో నిమరడం మొదలుపెట్టాడు. పంతులుగారు వంగి చూశారు. ఆ చెయ్యి నాలుగోసారి కదలగానే ఆయన ముఖం విప్పారింది.

"నువ్వట్రా గజకేతూ? మూడుసార్లు చాలని నీకు ఎన్నిమార్లు చెప్పాను!"