పోలమ్మ ఇటుకల లెక్క

చిత్రగిరి రాజ్యంలో కోటగోడ వరసలన్నీ సమానంగా ఉండాలి, ఒక్క ఇటుకా మిగలకూడదు. అది అక్కడి ఆచారం. అందుకని ఆస్థాన గణకుడు దీక్షితులు, పోలమ్మ మూడేళ్లు చేసి దొంతులుగా పేర్చుకున్న ఇటుకలన్నీ కూలదోయించి లెక్కపెట్టించాడు. పది లక్షల ఇరవై రెండు వేల నూట పదిహేడు తేలాయి.

ఇక భాగహారాలు మొదలయ్యాయి. రెండుతో పోలేదు, మూడుతో పోలేదు. ఏడు నెలలకు ఏడువందల దాకా వచ్చాడు. పోలమ్మ రోజూ వచ్చి నోరు తెరవబోవడం, ఆయన "అడ్డు లే" అని కసరడం.

చివరికి రాజుగారి ముందు తేల్చేశాడు. "ప్రభూ, ఇది దేనికీ లొంగని సంఖ్య. వీటిని పగలగొట్టించి కొత్తవి చేయించండి."

పోలమ్మకు ఒళ్లు మండింది. "మహారాజా, రోజుకు వెయ్యి ఇటుకలు, నవగ్రహాల పేర మరో తొమ్మిది చెయ్యడం మా ఇంటి ఆనవాయితీ. వెయ్యిన్ని పదమూడు రోజులు చేశాను. రోజుకో దొంతి. దొంతికో వరస కట్టించండి. ఒక్కటి మిగిలితే నా నెత్తిన వెయ్యండి."

దీక్షితులు తాటాకు మీద హెచ్చవేసి చూశాడు. ఒక్క ఇటుక తేడా లేదు. ఆయన మొహం మాడిపోయింది.

"ఈ ముక్క ముందే చెప్పి ఏడవొచ్చుగా" అన్నాడు.

"ఎలా చెప్పను స్వామీ? ఇటుకలు చేసినదాన్ని ఎదురుగానే ఉన్నాను. ఏడు నెలల్లో తమరు నన్నడిగింది ఒక్కటే, అడ్డు లెమ్మని."