నాలుగో కుండ సున్నం

కోట వాలుగోడ పైనుంచి సున్నం పోస్తే సమంగా పరుచుకుని, నేలకు మూరెడు పైనే ఆగిపోతుందని ఆస్థాన గణితపండితుడు లెక్క తేల్చాడు. ఇక కుంచెతో పనిలేదన్నాడు. సున్నాలు వేసే గవరయ్య మూడు కుండలు పోశాడు. మూడుసార్లూ సున్నం చారలుచారలుగా నేలదాకా కారింది.

"లెక్క సరైనదే ప్రభూ, వీడి చెయ్యే వంకర!" అన్నాడు పండితుడు.

"ఈసారి తప్పితే కొరడా దెబ్బలే," అన్నాడు రాజు.

ఎక్కీ దిగీ గవరయ్య మోకాళ్లు పీకుతున్నాయి. "చిత్తం మహాప్రభో. పండితులవారు గోడ అడుగున కూర్చుని నా తప్పేమిటో చూడాలి. లెక్క ప్రకారం అక్కడికి చుక్క కూడా రాదు కదా!"

రాజు అక్కడే పీట వేయించి పండితుణ్ణి కూర్చోబెట్టాడు. గవరయ్య పైకెక్కి కుండ ఎత్తగానే, పండితుడు పట్టుపంచె ఎగ్గట్టి పరుగు లంకించుకున్నాడు.

"ఇంకా పొయ్యలేదండీ," అన్నాడు గవరయ్య నీరసంగా, కుండ దించి కుంచె అందుకుంటూ.