పోత తేదీ

హైమవతి సర్వీస్ సెంటర్‌లో ఉద్యోగం మానేసి, ముషీరాబాద్‌లో జాఫర్ ఉస్తాద్ షెడ్డులో చేరి ఆరేళ్లయింది. పాత కారు చూసి ఉస్తాద్ 'అసలుదే' అని సంతకం పెడితే, ఇంకెవరూ మళ్లీ అడగరు. ఆ వారం మొదటిసారిగా ఆయన సంతకం పెట్టే పని ఆమెకు అప్పజెప్పాడు.

వచ్చింది 1969 నాటి అమెరికా కారు. పొడవాటి బానెట్టు, దాని కింద ఎనిమిది సిలిండర్ల ఇంజిను. ఓడల్లో ఇంజనీరుగా చేసినాయన కొత్తదిగా కొని తెచ్చుకున్నాడు. ఆయన పోయాక తమ్ముడు డాక్టర్ కృపానందం దాన్ని కంటికి రెప్పలా చూసుకున్నాడు. ఇప్పుడు అన్నయ్య పేరు మీద ఒక మ్యూజియానికి ఇస్తున్నాడు. ఇంజిను, గేర్‌బాక్సు, వెనక యాక్సిలు మూడూ ఫ్యాక్టరీలో బిగించినవేనని మ్యూజియం వాళ్లకు కాగితం కావాలి.

"మూడూ అసలువే ఉస్తాద్," అంది హైమ, మధ్యాహ్నానికల్లా. "ఇంజిను మీద కొట్టిన నంబరూ, కారు ప్లేటు మీది నంబరూ ఒకటే. డాక్టరుగారికి ఫోన్ చేసి చెప్పేశాను కూడా."

 ఉస్తాద్ సొరుగులోంచి ఇనుము మీద అంకెలు అచ్చొత్తే పంచులు తీశాడు. తుక్కులోంచి ఒక ఇనప ముక్కను ఏరి వైసులో బిగించాడు. ఆమె కాగితం చూస్తూ ఆ నంబరునే ఒక్కో అంకెగా సుత్తితో కొట్టాడు. నోటితో ఊది, ముక్కను ఆమె చేతిలో పెట్టాడు.

"ఇది కూడా ఆ కారుదేనా అమ్మా?"

 హైమ ఆ ముక్కను బల్ల మీద పెట్టి, తను రాసిన కాగితం చింపేసింది.

కొట్టిన నంబరు ఎవరైనా కొట్టగలరు. ఇంజినును పోతపోసినప్పుడు అచ్చులోనే ఉబ్బెత్తుగా వచ్చే తేదీ అలాంటిది కాదు. అది వెనక వైపు, చెయ్యి దూరని సందులో ఉంటుంది. ఏళ్ల తరబడి పట్టిన జిడ్డు. కిరసనాయిలు, తీగ బ్రష్షు, చిన్న అద్దం పట్టుకుని కూర్చుంది. మోచెయ్యి గీసుకుపోయింది. ఆ రోజు ఏమీ కనబడలేదు. మర్నాడు మళ్లీ కూర్చుంది. సాయంత్రానికి అద్దంలో ఒక అక్షరం, వెనకే మూడు అంకెలు తేలాయి.

అక్షరం నెలకు, అంకెలు రోజుకూ ఏడుకూ గుర్తు: ఆగస్టు పన్నెండు, 1969. కారు తయారైంది అదే ఏడు మార్చిలో.

భూతద్దం పెట్టి నంబరు కొట్టిన చోటు చూసింది. పాత నంబరును అరగదీసిన గుర్తులు సన్నగా ఉన్నాయి. మూడో రోజంతా కారు కిందే పడుకుంది. గేర్‌బాక్సు జనవరిది, యాక్సిలు ఫిబ్రవరిది. ఆ రెండింటికీ ఏ వంకా లేదు.

"డాక్టరుగారికి మీరు చెప్తారా ఉస్తాద్?"

"సంతకం ఎవరిది?"

ఆమే ఫోన్ చేసి పిలిచింది. డెబ్బై దాటిన డాక్టరు, విన్నాక కారు బానెట్టు మీద చెయ్యి వేశాడు.

"చూడకుండానే మొదట మీకు చెప్పాను. అది నా తప్పండీ," అంది హైమ.

"అన్నయ్య నాతో ఏనాడూ అబద్ధమాడలేదు. ఆ సందులో ఎవరు చూస్తారమ్మా? మూడూ అసలువేనని రాసెయ్యి."

"రాయలేనండీ." ఆమె అద్దం ఆయన చేతికిచ్చి, టార్చి వేసి పట్టుకుంది. "మీరే చూడండి."

ఆయన వంగి చూశాడు. వెనక్కి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"నాకప్పుడు పంతొమ్మిదేళ్లు," అన్నాడు. "అన్నయ్య ఓడ మీద ఉంటే, అడక్కుండా ఈ కారు తీసుకుని శ్రీశైలం ఘాట్ ఎక్కాను. పొగలు కక్కి ఆగిపోయింది. లారీకి కట్టి తెచ్చారు. ఆర్నెల్లకు అన్నయ్య బాగుచేయించి ఇంటికి తెచ్చాడు. 'ఏం కాలేదురా, రేడియేటరు గొట్టం పోయిందంతే' అన్నాడు."

హైమ టార్చి ఆపేసింది.

"ఇంజినే మార్పించి, నంబరు కూడా కొట్టించాడన్న మాట, నాకు తెలియకుండా." డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.  "ఉన్నదున్నట్టే రాయమ్మా."

గేర్‌బాక్సు, వెనక యాక్సిలు ఫ్యాక్టరీవి, ఇంజిను తర్వాత మార్చింది అని రాసి, కింద తన పేరు పెట్టింది హైమ.

కారు వెళ్లిపోయాక ఉస్తాద్ దగ్గరకు వచ్చింది.

"ఇంజిను మారిందని మీకు ముందే తెలుసు కదా?"

ఉస్తాద్ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఆమె వైపు చూశాడు.

"నాకెలా తెలుస్తుందమ్మా? నేను చూడలేదు కదా."