ఏడాదికి బెత్తెడు

ఎవరేమడిగినా నర్సింలయ్య గురువుకు కూర్చున్న చోట జవాబు చెప్పే అలవాటు లేదు. చేతికర్ర అందుకుని లేచేవాడు. అడిగినవాళ్లు వెంట నడవాల్సిందే.

ఆ పొద్దు అడిగింది బుచ్చవ్వ. ఆమె ఊరి అడవి కమిటీలో సభ్యురాలు. పట్నం పాక్కుంటూ ఊరి దాకా వచ్చేసింది. నడుమ మిగిలింది, ఇళ్లు కట్టొద్దని సర్కారు కాపాడుతున్న అడవి ఒక్కటే. అందులో ఇరవై ఎకరాలు ప్లాట్లకు విడవమని మర్నాడే మీటింగు. ఆమె సంతకం పెడితే పని అయిపోతుంది. పెట్టకపోతే సగం ఊరు ఆమె మొహం చూడదు.

“నా బాయిల నీళ్లున్నయంటే ఆ అడవి పుణ్యమే సామీ. మా ఆడబిడ్డేమో, పోయినేడు గోదాముకు పదెకరాలిస్తే అడవి సచ్చిందా అంటది. ఐదు నూర్ల ఎకరాలల్ల ఇరవై పోతే నిజంగ ఏమైతది?”

గురువు పొలాల దారి పట్టాడు. కొమ్రయ్య మడికీ, దిగువనున్న పోశాలు మడికీ నడుమ గట్టుగా ఉన్న ఒడ్డు మీద నడిచారు. ఒకప్పుడు గడ్డిమోపులతో ఇద్దరు ఎదురైనా తప్పుకునేంత వెడల్పు దానికి. ఇప్పుడు అడుగు ముందు అడుగు వేయాలి. నాట్లకు ముందు ఒడ్డు చెక్కేటప్పుడు అటువాళ్లూ ఇటువాళ్లూ పారను కాస్త లోపలికే వేస్తారు మరి.

బుచ్చవ్వ కాలు వేసిన చోట ఒడ్డు కూలింది. కొమ్రయ్య మడిలో నీళ్లు బుసకొట్టుకుంటూ పోశాలు మడిలో పడ్డాయి. నిన్న పెట్టిన నారు వేళ్లతో సహా తేలింది. బుచ్చవ్వ మోకాళ్ల మీద కూలబడి, రెండు చేతులా బురద తోడి గండికి అడ్డం పెట్టింది. పెట్టింది పెట్టినట్టే కొట్టుకుపోయింది.

రైతులిద్దరూ ఉరికొచ్చారు.

“ఒడ్డంత నువ్వే మింగితివి కదరా!” అన్నాడు పోశాలు.

“నేనా? ఏడాదికి బెత్తెడు కంటె ఎక్కువ చెక్కితే నా చెయ్యి పడిపోను!”

“నీది బెత్తెడా? ఏనుగు అడుగు! బెత్తెడు చెక్కింది నేను!”

నీళ్లు ఆగడం లేదు. బుచ్చవ్వ ఇంకో దోసెడు బురద వేస్తూనే అడిగింది. “సామీ, వీళ్లల్ల అబద్ధమాడేది ఎవరు?”

గురువు తేలిపోతున్న నారు వైపు చూశాడు.

“చెక్కింది బెత్తెడే అని ఇద్దరూ నిజమే చెప్తున్నరు బిడ్డా.”