నాంచారి వెల్ల వేయని గోడ

అనగనగా అంటే నిన్నామొన్నా కాదు, మన తాతలకు తాతలున్న కాలంలో, ఏటి ఒడ్డున ఒక పెద్ద దిబ్బ ఉండేదట. దిబ్బ నిండా తెల్లటి చెక్కడపు రాళ్ళు. ఒకప్పుడు బుద్ధుడికి మొక్కేవాళ్ళు దూరదేశాల నుంచి అక్కడికి వచ్చేవాళ్ళట. ఎప్పుడో మానేశారు. ఊరికి ఆ సంగతే గుర్తులేదు.

ఆ ఊళ్ళో నాంచారి అని ఒకామె. మొగుడు పోయాక ఊరందరికీ సున్నం కాల్చి ఇచ్చి బతికేది. బట్టీకి రాళ్ళు కావాలి. రాళ్ళేమో దిబ్బ మీదున్నాయి.

ఒక రాయి మీద తామరపువ్వు ఉంది. "రాయి రాయేగా" అంది. కొట్టింది, కాల్చింది.

ఇంకో రాయి మీద ఏనుగు ఉంది. "రాయి రాయేగా" అంది. కొట్టింది, కాల్చింది.

మూడో రాయి మీద రెండు పాదాలు, వాటి ముందు తల వాల్చిన ఒక ఆడమనిషి. నాంచారి సుత్తి ఎత్తి ఆగింది. ఊళ్ళో పెళ్ళి, సున్నం కావాలని కబురు మీద కబురు. మొహం పక్కకు తిప్పుకుని కొట్టింది. ఈసారి ఏమీ అనలేదు.

పెళ్ళివారిల్లు మల్లెపువ్వులా మెరిసింది. మిగిలిన సున్నం తన గోడకు పూసుకుంది.

ఆ ఎండాకాలం బౌద్ధ సన్యాసినుల పసుపుబట్ట కట్టిన ఒక ముసలామె, కాళ్ళు పగిలి, నాంచారి గుమ్మంలో కూలబడింది. నాంచారి చెంబుతో నీళ్ళిచ్చింది.

"పాదాల రాయి ఎక్కడమ్మా? సముద్రం దాటి వచ్చాను. మా గురువమ్మ దాన్ని చూడకుండానే పోయింది. ఆమె మొక్కు కూడా నేనే తీర్చాలి."

తెలియదంటే సరిపోయేది. నాంచారి అలా అనలేకపోయింది.

"నేనే కాల్చేశాను అవ్వా" అంది.

ముసలామె చెంబు కింద పెట్టింది. "ఆ సున్నం ఎక్కడుంది?" అని అడిగింది.

నాంచారి గోడ చూపించింది.

ముసలామె లేచి ఆ గోడకు నుదురు ఆనించింది. తర్వాత పెళ్ళివారి గోడకు. తర్వాత ఊళ్ళో తెల్లగా ఉన్న ప్రతి గోడకూ. నుదురంతా సున్నమైంది. చూసినవాళ్ళు నవ్వారు. నాంచారి కొంగు నోట్లో కుక్కుకుని వెనకాలే నడిచింది. ముసలామె తనను నాలుగు తిట్టి ఉంటే బాగుండును అనుకుంది.

ఆమె వెళ్ళిపోయాక నాంచారి బట్టీ కూలదోసింది. తన గోడ మీది సున్నం గీకేసి, మట్టిగోడగానే ఉంచేసింది. కూలికి పోయి బతికింది. దిబ్బ మీదికి ఎవరు సుత్తి తెచ్చినా అడ్డంగా కూర్చుంది.

"కాల్చినప్పుడు లేని భక్తి ఇప్పుడొచ్చిందా?" అన్నారు.

"భక్తి కాదయ్యా, సిగ్గు" అంది.

ఆమె పోయిన రోజు ఊరంతా ఆ మట్టిగోడ ముందు నిలబడింది. ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారట. వాళ్ళ గోడలన్నీ తెల్లగానే ఉన్నాయి మరి.

ఇప్పటికీ ఆ ఊళ్ళో ఇల్లంతా వెల్ల వేసినా, గుమ్మం పక్కన జానెడు చోటు మట్టిగానే వదిలేస్తారు. కొత్తకోడలు "ఇక్కడ మరిచిపోయారా అత్తా?" అని అడుగుతుంది.

"లేదమ్మా, అది నాంచారి చోటు" అంటుంది అత్త. అని తల దించుకుంటుంది.