బొబ్బర వారింట్లో రాక్షసుడు కదిలిన రోజు

అన్యాయం జరిగింది మందాకినికి, నవంబర్ పద్నాలుగు, శుక్రవారం నాడు. చేసింది పరాయివాళ్ళు కాదు, ముగ్గురూ సొంతవాళ్ళే: నాన్నమ్మ మహలక్ష్మమ్మ, నాన్న కోదండం, బాబాయి విఠలు. తెలివిని బస్తాల్లో కొలిస్తే తమ ఇంటికి ఒక గోడౌను చాలదని మహలక్ష్మమ్మ నమ్మకం. ఆ గోడౌను ఖాళీ అని ఎవరైనా చెబితే, తాళంచెవి ఎక్కడ పెట్టానా అని వెతికే మనిషి.

పాలిటెక్నిక్ చదివే మందాకిని మూడు నెలలు కూర్చుని, కంప్యూటర్ ఆటలో ఇటుక మీద ఇటుక పేర్చి కోట కట్టింది. నడిమధ్య రాతి గదిలో ఆ ఆటకంతటికీ పెద్ద రాక్షసుణ్ణి బంధించింది. మర్నాడు కాలేజీ ప్రదర్శనలో చూపించాలి. విచిత్రమేమిటంటే, గోడలు పిండి చెయ్యాల్సినవాడు లోపల పడగానే బొమ్మలా నిలబడిపోయాడు.

"వీణ్ణి నమ్మలేం నాన్నమ్మా. చూస్తూ ఉండండి. అంగుళం కదిలినా నాకు ఫోన్ చెయ్యండి," అని చెప్పి కాలేజీకి పోయింది.

ఇంకేముంది, ముగ్గురూ తెర ముందు బైఠాయించారు. చూస్తూ ఉండమంది కదా, రెప్ప వెయ్యడానికి వంతులు వేసుకున్నారు. వంటింట్లో పాలు పొంగి గట్టంతా పారాయి. పాలను చూడమని ఎవరూ చెప్పలేదు మరి. విఠలు దర్జీ టేపు తెచ్చి తెరకి ఆనించి పట్టుకున్నాడు, అంగుళం సంగతి తేలాలిగా.

పదకొండైంది. వాడు కదల్లేదు. మహలక్ష్మమ్మ గుండెల్లో రాయి పడింది. పిల్ల నోరు తెరిచి ఫోన్ చెయ్యమంటే, ఇంత తెలివి పెట్టుకుని ఆ ఒక్క పనీ చెయ్యకపోతే దానికి మొహం ఎలా చూపించడం?

"వాడు కదిలితేనే గదరా మనం చెయ్యగలం. పాపం, కదలడానికి చోటేదీ?" అంది.

అంతే. మౌస్ నొక్కితే తెరలో గునపం ఆడుతుందని విఠలు కనిపెట్టాడు. దక్షిణం గోడ తీశాడు. వాడు కదల్లేదు. యముడి దిక్కుకి ఎవడు పోతాడురా అని కోదండం విసుక్కున్నాడు. తూర్పు గోడ తీశారు. తలకి తగులుతుందేమోనని పైకప్పు తీశారు. దారికి అడ్డమని బురుజులు తీశారు. అన్నీ పోయాక ఇది మాత్రం ఎందుకని ప్రహరీ తీశారు. సాయంత్రానికి కోట చదునైంది. రాక్షసుడు మాత్రం ఒక్క ఇటుక ముట్టుకోలేదు. పెళ్ళిచూపుల్లో పిల్లలా తలొంచుకుని నిలబడే ఉన్నాడు.

మందాకిని వచ్చి చూసింది. సంచీ చేజారి కిందపడింది. నా కోటేదని మాత్రం అడగగలిగింది.

"కోట సంగతి నువ్వు చెప్పలేదుగా తల్లీ. వాణ్ణి చూడమన్నావు. నిక్షేపంలా ఉన్నాడు, చూసుకో," అంది మహలక్ష్మమ్మ, కాస్త గర్వంగానే.

సరిగ్గా అప్పుడే రాక్షసుడు ఒక అడుగు ముందుకేశాడు. విఠలు టేపు చూసి, అంగుళమున్నర అన్నాడు.

ఇంకేముంది, మహలక్ష్మమ్మ మనవరాలిని పక్కకి తప్పుకోమని ఫోనందుకుంది. కిందపడ్డ సంచీలో ఫోను మోగింది.

"ఎత్తడం లేదురా. క్లాసులో ఉందేమో," అని మళ్ళీ చేసింది ఆవిడ.

గ్యాసు బండ తేదీలు రాసుకునే క్యాలెండర్ మీద కోదండం రాసిపెట్టాడు: నవంబర్ 14, సాయంత్రం 5:20. అంగుళమున్నర కదిలాడు. రెండుసార్లు ఫోన్ చేశాం. పిల్ల ఎత్తలేదు.