పాలగిన్నె పాట

"గురువుగారూ, అమ్మగారి పాటకు మొన్న నేను చెప్పిన అర్థంలో ఏమైనా లోపముందా?" అని అడిగాడు లోకనాథం. ఆ గొంతులో సందేహం లేదు. లేదని ఆయన నోట అనిపించుకోవాలన్న ఆశ మాత్రం ఉంది.

మద్దిలేటయ్య గారి మఠం కర్నూలు వైపు ఒక చిన్న ఊళ్లో ఉండేది. మఠమంటే ఆయన ఇల్లే. అన్నదానమంటే ఆయన భార్య సుంకమ్మ గారి వంటిల్లే. ప్రతి అమావాస్య సాయంత్రం అక్కడ భజన జరిగేది. ఒకరు తత్వం పాడాలి, పాడాక శిష్యుల్లో ఒకరు లేచి దాని అర్థం విప్పాలి. అది అక్కడి పద్ధతి. పాటలో ఎద్దు వస్తే అది మనసు, బావి వస్తే హృదయం, ఇల్లు వస్తే దేహం. వంకాయ దొరికినా దాన్ని ఉత్త వంకాయగా వదిలేవారు కారు ఆ మహానుభావులు. వాళ్లందరిలోకీ లోకనాథం ఘటికుడు.

మొన్న అమావాస్యకు పాడేవాళ్లు రాలేదు. వంటింట్లో సుంకమ్మ గారు తనలో తాను పాడుకుంటున్న పాట లోకనాథం చెవిన పడింది. ఆవిడ వద్దు వద్దంటున్నా పట్టుబట్టి తీసుకొచ్చి నలుగురి ముందూ పాడించాడు.

"ఊగుతాంది ఉయ్యాల, ఊపేటోళ్లు ఎవరూ లేరు
పాలగిన్నె పక్కనుంది, తాగేటోళ్లు ఎవరూ లేరు"

అంతవరకే పాడి ఆవిడ ఆగిపోయింది. లోకనాథం లేచాడు. ఉయ్యాల దేహమన్నాడు. ఊపేది ప్రాణవాయువన్నాడు. పాలు జ్ఞానమన్నాడు. చివర గొంతు పెంచి, "తాగేవాడు ఎక్కడికీ పోలేదు. అసలు ఎన్నడూ లేనే లేడు. ఉన్నాడనుకోవడమే మన భ్రాంతి!" అన్నాడు. ఇల్లంతా చప్పట్లు. మద్దిలేటయ్య గారు మాత్రం మధ్యలోనే లేచి లోపలికి వెళ్లిపోయారు. మోకాళ్ల నొప్పి కాబోలనుకున్నారంతా.

శివరాత్రి తిరునాళ్లలో, చుట్టుపక్కల మఠాల వాళ్లందరి ముందు మళ్లీ ఆ పాటకు అర్థం చెప్పాలని ఇప్పుడు లోకనాథం ఉబలాటం. అందుకే ఈ ప్రశ్న.

"లోపమేమీ లేదు," అన్నారు గురువుగారు. "ఆ పాట ఇంకా కొంత ఉంది. పోయి ఆమెతో పాడించుకొని రా."

సుంకమ్మ గారు వంటింటి గడప దగ్గర కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. లోకనాథం ఎదురుగా చతికిలబడి అడిగాడు. ఆవిడ గొంతు సవరించుకుంది. "ఊగుతాంది" అన్నది, ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ ఆగింది.

"రావడంల్యా నాయనా. ఆ మాట అనేసరికి నువ్వు చెప్పిందంతా అడ్డమొస్తాంది. పాప మొగం కనపడడంల్యా."

"ఏ పాపమ్మా?"

"మా పాప. నడక రాకముందే పాయ. మీ గురువు చానా దినాలు ఉయ్యాల విప్పనీలేదు. గాలికి అదే ఊగుతాంటే చూసి పాడుకుంటి. పాడినప్పుడల్లా పాప మొగం కనపడేది. అందుకే పాడేదాన్ని, ఇంకేం లేదు."

ఆవిడే మళ్లీ అందుకుంది, తప్పు చేసినదానిలా.

"అంత పెద్ద తత్వమని తెలీక, పిల్లనుకోని ఇన్నేండ్లు ఏడిస్తి. అది అసలు లేనే లేదని నువ్వు చెప్తివి, అందరూ చప్పట్లు కొట్టిరి. సదువుకున్నోళ్లు, మీకు తెలుస్తాది. నాకే సిగ్గయితాంది నాయనా."

సిగ్గుపడవలసినవాడు ఎదురుగా కూర్చుని ఉంటే, ఆవిడ సిగ్గుపడుతోంది. నెత్తిన ఎవరో చెప్పుతో కొట్టినా లోకనాథం అంత బాధపడేవాడు కాడు. "అమ్మా, నేను చెప్పింది తప్పు," అన్నాడు.

"తప్పెట్లయితాది? మీ గురువు కూడా తప్పనలేదు గదా," అంది ఆవిడ, చేటలోంచి చూపు ఎత్తకుండా.

కాళ్ల మీద పడదామని వంగాడు. అదీ తన మనసు తేలిక చేసుకోవడానికేనని తోచి, చేతులు వెనక్కి తీసుకుని లేచి వచ్చేశాడు.

మద్దిలేటయ్య గారు అరుగు మీద అలాగే కూర్చుని ఉన్నారు. లోకనాథం తిరునాళ్ల మాట ఎత్తలేదు.

"గురువుగారూ, చెప్పిన అర్థాన్ని వెనక్కి తీసుకునే దారి ఏదైనా ఉందా?"

ఆయన తల వంచుకునే అన్నారు.

"ఆ సాయంత్రం నువ్వు చెప్పినదాంట్లో ఒక్క ముక్క నీది కాదు. అంతా నేను నేర్పిందే. అందుకే లేచి లోపలికి పోగలిగానే గానీ, నిన్ను ఆపలేకపోయాను."

లోపలి నుంచి చేట చప్పుడు వినిపిస్తోంది. పాట వినిపించడం లేదు.

"పో నాయనా," అన్నారాయన. "పోయి ఆమె పక్కన కూర్చుని బియ్యంలో రాళ్లేరు. పాడితే విను. పాడకపోతే రాళ్లేరు."